యువత మానసిక ఆరోగ్య సేవలు: గోదావరి డెల్టాలో మార్పును కొలిచేదెలా?

క్లుప్తంగా: యువత మానసిక ఆరోగ్యం కోసం కొన్నేళ్లుగా పథకాలు, హెల్ప్‌లైన్లు, కోర్టు ఆదేశాలు వరసగా వచ్చాయి. వాటి ఫలితాన్ని మాత్రం ఎక్కువగా శిబిరాలు, శిక్షణలు, కాల్స్ సంఖ్యతోనే చెబుతున్నారు. కష్టంలో ఉన్న పిల్లలు సరైన సాయం దాకా ఎన్నాళ్లకు చేరుతున్నారు, ఎన్ని చోట్ల తిరిగి చేరుతున్నారు, చేరాక కొనసాగుతున్నారా అన్నది చూస్తేనే వ్యవస్థ మారిందో లేదో తెలుస్తుంది. నదీపాయలు, జిల్లా హద్దులు, హాస్టల్ చదువులు కలగలిసిన డెల్టాలో ఈ కొలత ఎందుకు చిక్కుగా ఉందో, దాన్ని ఎలా విప్పవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇప్పుడెందుకీ ప్రశ్న

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో వచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలని అందులో ఉంది. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. అమలును చూడటానికి జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి.

దీనికి ముందూ పథకాలకు కొదవ లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014లో మొదలైంది. ప్రతి పాఠశాలలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దే కార్యక్రమం 2020లో వచ్చింది. టెలీ మానస్ హెల్ప్‌లైన్, అంటే 14416 నంబరు, 2022 అక్టోబరు 10న ప్రారంభమైంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం ప్రకటించిన ఆత్మహత్యల నివారణ జాతీయ వ్యూహం, 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టింది.

మరో పక్క జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన విద్యార్థులు 2013లో 8,423 మంది, 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది. ఒక వార్తలో సేవలు విస్తరించాయని, మరో వార్తలో మరణాలు పెరిగాయని చదివిన పాఠకుడికి ఏది నమ్మాలో తోచదు. రెండూ నిజమే కావచ్చు. ఆ రెండింటికీ మధ్య జరిగేదాన్ని ఎవరూ కొలవకపోవడంతో ఈ అయోమయం వస్తోంది.

ఈ వయసు మీదే ఎందుకింత దృష్టి అంటే, అమెరికాలో పెద్ద సర్వే ఆధారంగా 2005లో వచ్చిన అధ్యయనం జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 14 ఏళ్లలోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపు మొదలవుతాయని చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 10-19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. వైద్య వ్యవస్థ మాత్రం ఈ వయసును రెండుగా కోసేసింది. 18 ఏళ్ల ముందు పిల్లల విభాగం, ఆ తర్వాత పెద్దల విభాగం. సరిగ్గా అవసరం ఎక్కువగా ఉన్న వయసులోనే ఫైలు చేతులు మారుతుంది.

చేసిన పని వేరు, వచ్చిన మార్పు వేరు

ఇలాంటి కార్యక్రమాల నివేదికల్లో మామూలుగా కనిపించే అంకెలు కొన్ని ఉన్నాయి. ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎందరు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, సైకియాట్రీ ఓపీకి ఎందరు వచ్చారు, ఎన్ని కాల్స్ అందాయి. ఇవి అవసరమే. మందుల ఇండెంటు, సిబ్బంది జీతాలు వీటి మీదే నడుస్తాయి. అయితే ఇవి చెప్పేది చేసిన పని గురించి. దాని వల్ల పిల్లలకు ఏం జరిగిందన్నది ఇందులో ఉండదు.

డెల్టా రైతుకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాలువలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది రికార్డుల్లో ఉంటుంది. దాళ్వాలో నీటి ఎద్దడి వచ్చిన ఏడాది శివారు భూముల రైతు అడిగేది మాత్రం తన తూము దాకా నీరు వచ్చిందా, వంతు రోజునే వచ్చిందా అని. మానసిక ఆరోగ్య సేవల నివేదికలు ఇంకా హెడ్‌వర్క్స్ దగ్గరి అంకెల్లోనే ఉన్నాయి.

ఒక ఊహాజనిత లెక్క తీసుకుందాం. ఒక మండలంలో టీచర్లు, ఆశా కార్యకర్తలు కలిసి వంద మంది పిల్లల్లో ఇబ్బందిని గుర్తించారు. అరవై మందికి మాత్రమే రిఫరల్ చీటీ రాశారు. వారిలో ముప్పై మంది ఆసుపత్రికి వెళ్లారు. పదిహేను మంది రెండోసారి వెళ్లారు. మూడు నెలల తర్వాత ఎనిమిది మంది వైద్యం కొనసాగిస్తున్నారు. నివేదికలో "వంద మందిని గుర్తించాం" అని రాస్తే అబద్ధం కాదు. కానీ 92 మంది ఏ మెట్టు దగ్గర, ఎందుకు జారిపోయారో ఆ వాక్యం చెప్పదు. మరుసటి ఏడాది రెండు వందల మందిని గుర్తించి, మూడు నెలల తర్వాత మిగిలింది అదే ఎనిమిది మంది అయితే, కాగితం మీద కార్యక్రమం రెట్టింపైనట్టు కనిపిస్తుంది. వ్యవస్థ మాత్రం అంగుళం కదలలేదు.

వ్యవస్థలో మార్పు అన్న మాటను ఇక్కడ కొంచెం కచ్చితంగా వాడాలి. నియమాలు, రోజువారీ పద్ధతులు, డబ్బు నడిచే తీరు, శాఖల మధ్య సంబంధాలు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నది, సమస్యను జనం ఎలా చూస్తున్నారన్నది, ఇవి మారి ఆ మార్పు నిలబడితే దాన్ని వ్యవస్థలో మార్పు అంటారు. చురుకైన అధికారి ఒకరు ఉన్నంతకాలం బాగా నడిచి, ఆయన బదిలీ అయిన ఆరు నెలలకు ఆగిపోయే కార్యక్రమం మంచిదే అయినా వ్యవస్థను మార్చినట్టు కాదు. అందుకే కొలతల్లో నిలకడకు చోటు ఉండాలి. సిబ్బంది మారిన తర్వాత, నిధులు ఆలస్యమైన తర్వాత ఏం మిగిలిందన్నది విడిగా నమోదు కావాలి.

అంకె పెరిగితే మంచా, చెడా

ఈ రంగంలో అంకెలు తరచూ తిరగబడి చదవాల్సి వస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలని, వారికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చెబుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లాంటిది లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో ప్రయత్నించిన సందర్భానికే శిక్ష మిగిలింది. పోలీసు కేసు భయం ఉన్నన్నాళ్లూ కుటుంబాలు ఇలాంటి ఘటనను ప్రమాదమని రాయించుకునే వీలుంది. ఆ భయం తగ్గితే నమోదు పెరుగుతుంది. బయటి నుంచి చూసేవారికి సమస్య ముదిరినట్టు కనిపిస్తుంది. లోపల జరిగింది దాపరికం తగ్గడం.

టీచర్లకు శిక్షణ ఇచ్చిన కొత్తలో గుర్తింపు పెరగడం, హెల్ప్‌లైన్ ప్రచారం తర్వాత కాల్స్ పెరగడం కూడా ఇలాంటివే. కొన్నేళ్ల తర్వాత కూడా తీవ్రమైన దశలో వచ్చేవారే ఎక్కువగా ఉంటే అప్పుడు ఆందోళన పడాలి. కాబట్టి మొత్తం సంఖ్యతో పాటు, వచ్చినవారు ఏ దశలో వచ్చారన్నది చూడాలి. తొలి దశలో వచ్చేవారి వాటా పెరుగుతుంటే దారి తెరుచుకున్నట్టు లెక్క.

మరణాల సంఖ్యను జిల్లా స్థాయిలో ఏడాదికోసారి పోల్చడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఒక జిల్లాలో ఏటా సగటున 40 మంది యువత ఈ కారణంతో చనిపోతున్నారని అనుకుందాం. ఏ మార్పూ జరగకపోయినా ఆ అంకె ఒక ఏడు 30 దగ్గరికి, మరో ఏడు 50 దగ్గరికి యాదృచ్ఛికంగానే వెళ్లగలదు. 30కి తగ్గిన ఏడాది అభినందనలు, 50కి పెరిగిన ఏడాది మెమోలు ఇస్తే రెండూ అన్యాయమే. పక్కపక్క జిల్లాలను కలిపి, మూడేళ్ల సగటు తీసి చూస్తే కొంత నమ్మకమైన బొమ్మ వస్తుంది. మెమోల భయం పెరిగినచోట ఇంకొకటీ జరుగుతుంది. అంకె తగ్గించుకోవడానికి కారణం కాలమ్‌లో మరో మాట రాయడం మొదలవుతుంది. అలా పాడైన లెక్కను మళ్లీ బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది.

డెల్టాలో లెక్క ఎక్కడ దారి తప్పుతుంది

ముందుగా తొలి కొలత లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని ఆ సర్వే చెప్పిన మాటను ఇక్కడి చర్చల్లో కూడా వాడుతుంటారు. అది తమిళనాడు, కేరళ, గుజరాత్ లాంటి చోట్ల తీసిన లెక్క. డెల్టా పరిస్థితికి దాన్ని అంచనాగా వాడవచ్చు. ముందూ వెనకా పోల్చడానికి పనికిరాదు.

రెండోది హద్దులు. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ ప్రాంతం తూర్పు, పశ్చిమ గోదావరి అనే రెండు జిల్లాలు. ఆ రోజు నుంచి డెల్టా కాకినాడ, తూర్పు గోదావరి, అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల మధ్య పంపిణీ అయింది. పాత జిల్లా పేర్లే కొన్ని కొత్త జిల్లాలకు ఉండటంతో, 2021 "తూర్పు గోదావరి" అంకెనూ 2023 "తూర్పు గోదావరి" అంకెనూ పక్కపక్కన పెట్టి సేవలు సగానికి పడిపోయాయని చెప్పే పొరపాటు సులువుగా జరుగుతుంది. మండలాల వారీగా లెక్క తీసి పాత హద్దుల్లోకి తిరిగి కూడితే తప్ప పోలిక నిలవదు.

మూడోది నది. సఖినేటిపల్లి కోనసీమలో ఉంది. వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డున నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లాలో. పంటు ఎక్కితే అవతలి ఊరు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కోసం కాకినాడ వెళ్లాలంటే ఆ కొస నుంచి దాదాపు డెల్టా అంతా దాటాలి. సఖినేటిపల్లి వారు నరసాపురంలోనో భీమవరంలోనో డాక్టరుకు చూపించుకుంటే కోనసీమ రికార్డులో ఆ కేసు "మధ్యలో మానేశారు" అని మిగులుతుంది. వాస్తవంలో ఆ పిల్లాడికి వైద్యం అందుతోంది. యానాం సంగతి మరీ ప్రత్యేకం. చుట్టూ ఆంధ్రప్రదేశ్ జిల్లాలే అయినా అది పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడి ఆసుపత్రి రికార్డులు వేరే ప్రభుత్వానికి వెళతాయి. లంక గ్రామాల్లో వరద రోజుల్లో రాకపోకలే ఆగిపోతాయి. 2022 జులై వరదల వంటి సమయంలో ఓపీకి రాని రోగిని వైద్యం మానేసినవారి కింద రాయడం సరికాదు.

నాలుగోది చదువుల వలస. డెల్టా నుంచి పదో తరగతి కాగానే ఎందరో పిల్లలు విజయవాడ, విశాఖ, హైదరాబాద్ హాస్టళ్లకు వెళతారు. ఎన్‌సీఆర్‌బీ లెక్క ఘటన జరిగిన పోలీసు స్టేషన్ పరిధిని బట్టి ఉంటుంది. పిల్లవాడి కష్టం అమలాపురంలోనే మొదలై ఉండవచ్చు. సాయం అందాల్సిన ఇల్లు, బడి ఇక్కడివే. అంకె మాత్రం, విజయవాడ హాస్టల్ అయితే, ఎన్టీఆర్ జిల్లా ఖాతాలో పడుతుంది. హాస్టల్ నుంచి దిగాలుగా ఇంటికి తిరిగొచ్చి చదువు ఆపేసిన పిల్లలు అయితే ఏ జిల్లా లెక్కలోనూ కనపడరు.

ఇక బడిలో లేనివాళ్లు. రొయ్యల చెరువుల్లో, ప్రాసెసింగ్ షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు, అమ్మాయిలు, వేటకు వెళ్లే మత్స్యకార యువకులు, పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిన అమ్మాయిలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లలోపే పెళ్లయింది. తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు గోదావరి జిల్లాల్లో చాలాకాలంగా ఉన్నారు. బడి, కాలేజీల ద్వారానే నడిచే పథకాల అంకెలు ఎంత బాగున్నా వీరి గురించి ఏమీ చెప్పవు. కౌన్సెలర్ల నియామకం జోరందుకున్న కొద్దీ ఈ ఖాళీ మరింత పెద్దదయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే దృష్టీ డబ్బూ రెండూ క్యాంపస్‌ల వైపు తిరుగుతాయి.

పోలికకు మొదలుగా తీసుకునే ఆధార సంవత్సరం ఎంపిక కూడా చిన్న విషయం కాదు. 2025లో అమెరికా సుంకాలు రొయ్యల ధరను దెబ్బతీశాయి. అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం ప్రాంతంలోనే తీరం దాటింది. ఇలాంటి గడ్డు ఏడాదిని ఆధారంగా తీసుకుంటే, తర్వాతి ఏడు ఏమీ చేయకపోయినా పరిస్థితి మెరుగుపడినట్టే కనిపిస్తుంది.

కొలవాల్సింది దారిని

మరి ఏది కొలవాలి? అన్నింటికన్నా ఎక్కువ చెప్పే కొలత ఆలస్యం. మొదటి లక్షణాలు కనపడిన నాటి నుంచి సరైన వైద్యం అందే దాకా ఎన్ని వారాలు పట్టిందన్నది. సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగి భ్రమలు కలిగే స్థితి) లాంటి తీవ్ర రుగ్మతల్లో ఈ ఆలస్యం ఎంత తక్కువైతే కోలుకునే అవకాశం అంత మెరుగని చాలా దేశాల అనుభవం. ఈ కొలత వ్యవస్థ మొత్తానికి అద్దం పడుతుంది. ఇంట్లోవాళ్లు గుర్తించడం, బడి స్పందన, ఆర్ఎంపీ డాక్టరు సలహా, బస్సు చార్జీలు, ఓపీలో డాక్టరు ఉండటం, వీటిలో ఏది మెరుగుపడినా వారాలు తగ్గుతాయి. ఏది చెడినా పెరుగుతాయి.

నార్వేలోని స్టావెంజర్ ప్రాంతంలో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 1990ల చివర్లో పత్రికలు, రేడియో, బడుల ద్వారా గట్టి ప్రచారం చేసి, ఎవరైనా నేరుగా పిలవగలిగే గుర్తింపు బృందాన్ని పెట్టారు. వైద్యం అందని కాలం మధ్యస్థ విలువ, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ పట్టే కాలం, 5 వారాలకు దిగింది. ప్రచారం ఆపేశాక, బృందం కొనసాగుతున్నా, అది మళ్లీ 15 వారాలకు పెరిగింది. సేవ ఉంటే సరిపోతుందనే నమ్మకాన్ని ఆ అంకె సవరించింది. ఆలస్యాన్ని కొలవకుండా బృందం చూసిన కేసులు మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఆలస్యంతో పాటు మజిలీలను కూడా రాసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 11 దేశాల్లో జరిగి 1991లో ప్రచురితమైన అధ్యయనం, రోగులు సైకియాట్రిస్టు దాకా ఏ దారిన వచ్చారో నమోదు చేసే సులువైన పద్ధతిని వాడింది. డెల్టాలో ఆ ఫారం నింపితే ఆర్ఎంపీ, మెడికల్ షాపు, గుండె దడ అని కార్డియాలజిస్టు, తలనొప్పి అని న్యూరాలజిస్టు, గుడి, చర్చి, దర్గా, తాయెత్తు కట్టేవారు, ఇలా రకరకాల మజిలీలు రావచ్చు. వీటిని తప్పుపట్టడానికి రాసుకోవడం అనవసరం. ఏ మజిలీ నుంచి త్వరగా ముందుకు పంపుతున్నారు, ఏ మజిలీలో నెలలు గడుస్తున్నాయి అన్నది తెలిస్తే శిక్షణ ఎవరికి ఇవ్వాలో తేలుతుంది. ఆర్ఎంపీలు పంపిన రిఫరళ్లు ఏడాదిలో పెరిగితే, అది ఏ శిబిరం ఫొటో కన్నా బలమైన ఆధారం.

ఇంకొక కొలత ప్రాణానికి సంబంధించినది. ఆత్మహత్యాయత్నం తర్వాత క్యాజువాలిటీలో చేరినవారిని ప్రాణాపాయం తప్పగానే ఇంటికి పంపేయడం ఎన్నో చోట్ల జరిగేదే. డిశ్చార్జికి ముందు మానసిక ఆరోగ్య సిబ్బంది మాట్లాడినవారు ఎంత శాతం, వారంలోపు ఎవరో ఒకరు ఫోన్ చేసినవారు ఎంత శాతం? చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల 1,867 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనం 2008లో వెలువడింది. డిశ్చార్జి సమయంలో గంటసేపు మాట్లాడి, తర్వాత 18 నెలల పాటు అప్పుడప్పుడు ఫోన్ చేసో కలిసో పలకరించిన వారిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందిన వారిలో 2.2 శాతం. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే పని మరొకటి దొరకడం కష్టం. దేశంలో లక్ష మందికి సగటున 0.75 సైకియాట్రిస్టులే ఉన్న పరిస్థితిలో, ఒక నర్సు ఫోన్ కాల్‌తో అయ్యే ఈ పనిని జిల్లా సమీక్షలో మొదటి కాలమ్‌గా పెట్టడం సబబు.

ప్రశ్నావళుల సంగతి కొంత జాగ్రత్తగా చూడాలి. రెండు వారాల మనస్థితి గురించి తొమ్మిది ప్రశ్నలతో డిప్రెషన్ తీవ్రతకు 27కి స్కోరు ఇచ్చే పీహెచ్‌క్యూ-9 వంటివి తేలిక, ఉచితం. కానీ ఒక స్కోరు తగ్గడం వ్యక్తి గురించి చెబుతుంది, వ్యవస్థ గురించి చెప్పదు. పైగా చాలా కష్టంగా ఉన్నప్పుడే ఎవరైనా ఆసుపత్రికి వస్తారు కాబట్టి, ఏ వైద్యం లేకున్నా రెండోసారికి స్కోరు కొంత తగ్గడం సహజం. మళ్లీ కాలేజీకి వెళ్తున్నాడా, నిద్ర పడుతోందా, స్నేహితులతో తిరుగుతున్నాడా అన్న ప్రశ్నలకు పిల్లలే చెప్పే జవాబులు స్కోరు పక్కన ఉండాలి.

బిహార్, ఆస్ట్రేలియా అనుభవాలు

బిహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా ఉన్నత పాఠశాలల్లో ఒకే కార్యక్రమాన్ని రెండు రకాలుగా నడిపారు. కొన్నింటిలో టీచర్లు, కొన్నింటిలో వృత్తి నిపుణులు కాకపోయినా శిక్షణ పొందిన కౌన్సెలర్లు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్లు నడిపిన బడుల్లో వాతావరణం మెరుగైంది, డిప్రెషన్ లక్షణాలు, వేధింపులు తగ్గాయి. టీచర్లు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాఠ్యాంశం ఒకటే, శిక్షణ పొందినవారి సంఖ్యా నివేదికలో బాగానే ఉంటుంది. బడి ఎలా ఉందని పిల్లలనే అడిగి కొలవబట్టి తేడా దొరికింది. ఇద్దరేసి టీచర్లకు ఈ బాధ్యత అప్పగించిన మన పథకానికి ఇది నేరుగా వర్తించే పాఠం. సిలబస్, పరీక్షలు, యాప్‌ల పనితో నలిగే టీచరుకు ఇంకో పని ఇచ్చినప్పుడు ఏమవుతుందో విడిగా చూడాల్సిందే.

ఆస్ట్రేలియా 2006లో 12-25 ఏళ్ల వారి కోసం హెడ్‌స్పేస్ అనే మానసిక ఆరోగ్య కేంద్రాలు మొదలుపెట్టి 150కి పైగా చోట్లకు విస్తరించింది. వయసును 18 దగ్గర కోయకపోవడం అక్కడి ముఖ్యమైన మార్పు. అక్కడ అందుబాటు బాగా పెరిగింది. మనోవేదన తగ్గడం మాత్రం సగటున స్వల్పంగానే ఉందని, చాలామంది ఒకటి రెండు సార్లకే రావడం ఆపేశారని మూల్యాంకనాలు చూపాయి. ఈ అంకెలు బయటపెట్టినందుకు ఆ కార్యక్రమం మూతపడలేదు. ఓ మోస్తరు సాయం సరిపోని, ఆసుపత్రిలో చేర్చేంత తీవ్రత లేని యువత మధ్యలో మిగిలిపోతున్నారన్న చర్చ అక్కడ గట్టిగా జరిగింది.

లోపలి మార్పుకు ఆనవాళ్లు

శాఖల మధ్య సంబంధాలు, అధికారం, ఆలోచనా తీరు మారడాన్ని అంకెల్లో పట్టడం కష్టమే. అయినా ఆనవాళ్లు దొరుకుతాయి. కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరు తెలుసా? పంపిన పిల్ల గురించి ఆసుపత్రి నుంచి తిరిగి సమాచారం వచ్చిందా? కలెక్టర్ సమీక్ష ఎజెండాలో ఈ అంశం ఎన్ని నెలలు ఉంది, ఎన్ని నెలలు జారిపోయింది? జిల్లా కమిటీలో విద్యార్థులు ఉన్నారా, వారు లేవనెత్తిన విషయాల్లో ఒక్కటైనా నిర్ణయంగా మారిందా? మంజూరైన పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయి, ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయి? చివరి ప్రశ్న చప్పగా అనిపించవచ్చు. కానీ సైకాలజిస్టు పోస్టు ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న జిల్లాలో మిగతా కొలతలన్నీ ఆ ఖాళీనే కొలుస్తాయి.

తల్లిదండ్రుల ఆలోచనలో మార్పును అవగాహన సదస్సుకు హాజరైన వారి సంఖ్యతో తేల్చలేరు. చిన్న నమూనా తీసుకుని, ఒక సన్నివేశం చెప్పి, "మీ ఇంట్లో అయితే ముందు ఎవరి దగ్గరికి వెళతారు" అని రెండేళ్లకోసారి అడగడం మేలు. పెళ్లి సంబంధం చెడుతుందన్న భయం ముఖ్యంగా అమ్మాయిల విషయంలో వైద్యాన్ని ఆపుతుంది. కాబట్టి ఈ జవాబులను అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగా చూడాలి.

గోప్యత, రాతపని

ఇంత నమోదు చేయడంలో హాని కూడా ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్త పక్కింటి ఆవిడే కావచ్చు, చుట్టమే కావచ్చు. పేరు రిజిస్టరులో పడితే ఊరంతా తెలుస్తుందనుకుంటే పిల్లలు నోరు విప్పరు. 2017 చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. కొలత కోసం ఆ హక్కును తాకట్టు పెట్టే పద్ధతి ఏదైనా చివరికి కొలతనే చెడగొడుతుంది. పేర్లు లేని కోడ్‌లు, ఆసుపత్రి స్థాయిలోనే ఉండే మూల రికార్డు, జిల్లాకు వెళ్లే కూడిక అంకెలు, ఇంతవరకు చాలు.

ప్రతి కేసుకు ఇరవై పేజీల ఫారం కూడా అక్కర్లేదు. ఆలస్యం, మజిలీలు, రెండోసారి రాక, వారంలోపు పలకరింపు, ఈ నాలుగింటిని అందరికీ రాసి, మిగతావి ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రులు, కాలేజీల్లో నమూనాగా చూస్తే సిబ్బందికి భారం తగ్గుతుంది. ఏఎన్ఎంలు, ఆశాలు ఇప్పటికే ఎన్నో యాప్‌లు నింపుతున్నారు.

మార్పు వచ్చిందనుకుంటే, ఎందువల్ల

మూడేళ్ల తర్వాత ఆలస్యం తగ్గిందని తేలితే, అది కౌన్సెలర్ల వల్లా, హెల్ప్‌లైన్ వల్లా, ఫోన్‌లో వీడియోలు చూసి జనం తెలుసుకోవడం వల్లా అన్న ప్రశ్న వస్తుంది. ఒక్కదానికే ఘనత కట్టబెట్టడం సాధ్యం కాదు, అవసరం కూడా కాదు. కాకపోతే కొంత తేల్చే మార్గం ఉంది. అన్ని మండలాల్లో ఒకేసారి మొదలుపెట్టకుండా, లాటరీ తీసి విడతలుగా మొదలుపెడితే, ఆలస్యంగా మొదలైన మండలాలు అప్పటిదాకా పోలికకు పనికొస్తాయి. చివరికి ఎవరూ నష్టపోరు. సిబ్బంది కొరత వల్ల ఎలాగూ విడతలుగానే విస్తరించాల్సి వస్తుంది కాబట్టి, ఆ క్రమాన్ని పలుకుబడికి వదలకుండా లాటరీకి ఇస్తే చాలు.

సుప్రీంకోర్టు ఆదేశాల అమలులో దగ్గర్లో కనిపించే పరిణామం, కౌన్సెలర్ల సంఖ్య వేగంగా పెరగడం. కాగితం మీద వంద శాతం అమలు కూడా చూపగలరు. ఒకే కౌన్సెలర్ పేరు నాలుగు క్యాంపస్‌లలో ఉందా, విద్యార్థులు స్వయంగా వచ్చి కలుస్తున్నారా లేక ప్రిన్సిపాల్ పంపితేనే వస్తున్నారా, కౌన్సెలర్ నుంచి ఆసుపత్రికి ఎందరు చేరారు అన్నవి జిల్లా కమిటీలు అడగాల్సిన ప్రశ్నలు. ఇంకో విషయం, సంవత్సరం ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి చివర, మార్చిలో జరుగుతాయి. ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. ప్రభుత్వ నివేదికలు మార్చి 31తో ముగియడం వల్ల పరీక్షల ఒత్తిడి ఒక ఏడాది లెక్కలో, ఫలితాల తర్వాతి కష్టం మరో ఏడాది లెక్కలో పడి ఒకే పిల్లవాడి కథ రెండు ముక్కలవుతుంది. జూన్ నుంచి మే దాకా విద్యా సంవత్సరం ప్రకారం కూడితే ఆ చిక్కు తీరుతుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది నమూనాలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సులతో పాటు పర్యవేక్షణ-మూల్యాంకన అధికారి, కేసుల రిజిస్ట్రీ సహాయకుడు కూడా ఉన్నారు. అంటే ఈ పనికి కొత్త పోస్టు సృష్టించక్కర్లేదు. ఐదు జిల్లాల రిజిస్ట్రీలు ఒకే కోడ్ వాడి, నెలకోసారి ఆ కోడ్‌లను సరిపోల్చుకుంటే, యానాం ఆసుపత్రితో కూడా అదే ఏర్పాటు చేసుకుంటే, సఖినేటిపల్లి నుంచి పంటు దాటి నరసాపురంలో చూపించుకున్న పిల్లవాడు మధ్యలో మానేసినవారి జాబితాలోంచి బయటికి వస్తాడు.